ధ్రువుడు కనపడని డాబా

దూరదర్శిని కొనడం ఒక ఖర్చు, దాన్ని కదలకుండా నిలబెట్టడం మరో ఖర్చు అన్న సంగతి నాకెవరూ ముందుగా చెప్పలేదు. ఎనిమిదంగుళాల అద్దమున్న గొట్టం బాగానే ఉంది. కింద ఉన్న మౌంటే నాసి. నరసరావుపేటలో మా డాబా మీద గాలి తిరిగిందంటే చాలు, శనిగ్రహం వలయంతో సహా తాండవం చేసేది.

నిరుడు మా కాలేజీ పిల్లలు 30 మంది వచ్చారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా! బాగా పెద్దది చేసి చూపే ఐపీసు పెడితే శని ఒక్క నిమిషంలో చూపు దాటిపోతాడు. ఇద్దరు చూసేసరికి నేను మళ్ళీ వెతికి పెట్టాలి. వరసలో చివర నిలబడ్డ అమ్మాయి వంతు వచ్చేసరికి మబ్బు పట్టింది. "పోనీలెండి సార్" అని మెట్లు దిగిపోయింది. ఆ మాట నన్ను చాలాకాలం పీడించింది.

అందుకని, చుక్కను తనే వెతికి దాని వెంటే తిరిగే కంప్యూటరు మౌంటు కొందామని సంకల్పించాను. ధర రెండు లక్షల పైమాటే. ఇంట్లో అంత డబ్బు ఒక్కచోటే ఉంది. ముందుగది కప్పు కారుతున్నదని మా ఆవిడ పాడిన చీటీ.

వీటిలో పేరు పడ్డది ఈక్వటోరియల్ రకం. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా పోతుంటే, విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావుగారు తమ సొంత వేధశాలలో చూసిందీ ఆ రకం ఆరంగుళాల దూరదర్శినితోనే. ఒక ఇరుసును ఆకాశ ధ్రువానికి గురిపెట్టి, ఆ ఒక్కదాన్నే తిప్పుతూ పోతే చుక్క నిలిచి ఉంటుంది. ఫొటోలు తీసేవారికి ఇదే శరణ్యం.

కాని ఏ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడు అక్కడ దాదాపు అంతే ఎత్తున ఉంటాడు. లండనులో 51 డిగ్రీలు, మనకు 16. చెయ్యి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలు, అంటే దిగంతానికి పిడికిలిన్నర పైన. కొన్ని మౌంట్లు అంత కిందికి వంగనే వంగవు. వంగినవాటిలోనూ కొన్నిటికి ఎదురుబరువు కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది. చలిదేశాలవారి కొలతలు మరి! ఇది చాలక, మా ఉత్తరం పొరుగువారు మూడో అంతస్తు లేపి దానిమీద నీళ్ళట్యాంకు పెట్టారు. మా డాబా మీంచి ధ్రువుడు కనపడక రెండేళ్ళయింది.

రెండో రకానికి ధ్రువుడితో పనిలేదు. పైకీ కిందికీ, పక్కకూ తిరుగుతుంది, అంతే. రెండు మూడు వెలుగు చుక్కలకు గురిపెట్టి పేర్లు చెబితే మిగతా లెక్క కంప్యూటరే కట్టుకుంటుంది. ఎక్కువసేపు ఫొటో తీస్తే దృశ్యం మెల్లగా పక్కకు తిరిగిపోవడం దాని లోపం. కంటితో చూసే పిల్లలకు ఆ బాధ లేదు.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా విన్నవించాను.

"పేర్లు మనమే చెప్పాలంటే, దానికేం తెలుసండీ మరి?" అంది మా ఆవిడ.

"ఆర్క్‌ట్యూరస్, స్పైకా అని అడుగుతుంది."

"అంటే?"

"స్వాతి, చిత్త."

"అవి మా అమ్మ కూడా చూపిస్తుంది" అని, మజ్జిగ కలుపుకుంటూ కాసేపు ఊరుకుంది. తరవాత, "ఆ చివరి పిల్ల ఈ ఏడూ మీ క్లాసేనా?" అంది.

"ఫైనలియరు. మార్చికి వెళ్ళిపోతుంది."

మర్నాడు పొద్దున చీటీ డబ్బు నా బల్ల మీద ఉంది. రెండో రకానికే ఆర్డరు పెట్టాను. ముందుగదిలో కారేచోట ఇత్తడి గిన్నె ఈ వానాకాలం కూడా అలాగే ఉంటుంది.