చాంగ్‌షాలో ఒంటి నుంచి మనసుకు

చైనాలోని హునాన్ మ్యూజియంలో అడుగుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది నేరుగా వెళ్లేది, రెండు వేల ఏళ్లు దాటినా చెడిపోని ఒక స్త్రీ దేహాన్ని చూడటానికి. హాన్ కాలపు దాయ్ ప్రభువు భార్య ఆమె. చాంగ్‌షా ఊరి అంచున మావాంగ్‌ద్వే దిబ్బను తవ్వినప్పుడు 1972లో బయటపడింది. నేను మాత్రం ఆమె కొడుకుదని భావించే మూడో సమాధిలో, మరుసటి ఏడు దొరికిన ఒక పట్టుగుడ్డ కోసం వచ్చాను. ఆ సమాధిని మూసింది క్రీ.పూ. 168లో.

గుడ్డ చివికి ముక్కలైపోయింది. ఆ ముక్కలను జతచేసి, వాటి ఆధారంగా తిరిగి గీసిన బొమ్మలో నాలుగు వరుసలు, వరుసకు పదకొండు మంది చొప్పున 44 మంది మనుషులు ఉన్నారు. ఆడా మగా, పడుచువాళ్లూ ముసలివాళ్లూ. కొందరు నిండు అంగీల్లో, కొందరు పైన బట్ట లేకుండా. ఒకరు కర్ర పట్టుకుని నడుం వంచుతున్నారు. ఇంకొకరు ఎలుగుబంటిలా కదులుతుంటే మరొకరు కొంగలా చేతులు చాచారు. కొన్ని బొమ్మల పక్కన అవి దేనికి పనికొస్తాయో రాసి ఉంది: మోకాళ్ల నొప్పికి, చెవుడుకు, జ్వరానికి. ఒక బొమ్మ పక్కన చిరాకును, లోపలి అలజడిని తెలిపే ఒకే ఒక్క అక్షరం ఉంది.

"టెన్షన్‌కి కూడా ఎక్సర్‌సైజా అంకుల్!" అంది నాతో వచ్చిన అమ్మాయి. మా స్నేహితుడి కూతురు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతోంది. చైనాలో చదివే మన పిల్లలకు సంప్రదాయ చైనా వైద్యం కూడా ఒక సబ్జెక్టుగా ఉండటం మామూలే కాబట్టి, నాకు దుబాసీ, పంతులమ్మ కూడా తనే.

బొమ్మలున్న ఆ పట్టు మీదే ఒక వైద్యగ్రంథం కూడా రాసి ఉంది. శరీరంలో పదకొండు నాళాలు ఉన్నాయంటుంది అది. తర్వాతి కాలపు చైనా వైద్యగ్రంథం 'హువాంగ్‌ది నేజింగ్' నాటికి అవి పన్నెండయ్యాయి. లెక్క మారింది, సిద్ధాంతం పెరిగింది. చేతులు చాచడం, నడుం తిప్పడం, ఊపిరి నిదానించడం మాత్రం అలాగే ఉండిపోయాయి. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, మ్యూజియం పక్కనే అమరవీరుల పార్కు ఉంది.

పొద్దున్నే పార్కులో పెద్దవాళ్లు గుంపులు గుంపులుగా ఉన్నారు. ఒక స్పీకర్ నుంచి మంద్రంగా సంగీతం వస్తోంది. వాళ్లు చేస్తున్నది బాద్వాన్‌జిన్, అంటే ఎనిమిది కదలికల వరుస. 2003లో చైనా క్రీడాశాఖ ప్రామాణికం చేసిన నాలుగు పాత సాధనల్లో ఇదొకటి. మొదటిది రెండు చేతులూ కలిపి ఆకాశానికి ఎత్తడం. అయిదోది కాళ్లు ఎడంగా పెట్టి కూర్చున్నట్టు వంగి, తలనూ నడుమునూ ఊపడం. గుండెలో పేరుకున్న వేడి దానితో దిగుతుందని వాళ్ల నమ్మకం. చివరిది మడమలెత్తి, ధబ్బున నేలకు దించడం. అంతా కలిపి పన్నెండు నిమిషాలు. వెనక వరుసలో నిలబడి నేనూ చేశాను. కష్టమనిపించింది కదలిక కాదు, నిదానం. ముందున్న పెద్దావిడ చేయి ఒకసారి పైకి లేచేలోపు నాది రెండుసార్లు లేచింది.

ఏం లాభమని అడిగించాను. రాత్రి నిద్ర పడుతుందని, పొద్దున్నే మనుషులు కనిపిస్తారని చెప్పిందావిడ. చైనా వైద్యం చెప్పే ప్రాణశక్తి ఊసే ఎత్తలేదు.

ఒంటికీ మనసుకూ ఉన్న ఈ ముడి విషయంలో చాంగ్‌షాకు ఇంకో చరిత్ర కూడా ఉంది. 1980లో అమెరికన్ మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ ఇక్కడి హునాన్ మెడికల్ కాలేజీలో, నరాల బలహీనత అని వైద్యులు తేల్చిన 100 మందిని పరీక్షించాడు. తలనొప్పి, నిద్రలేమి, కళ్లు తిరగడం, నీరసం వాళ్ల ఫిర్యాదులు. అందులో 87 మందికి తీవ్రమైన డిప్రెషన్ ఉందని ఆయన లెక్కలో తేలింది. సాంస్కృతిక విప్లవపు దెబ్బలు తిన్నవాళ్లు, మనసు బాగాలేదని చెప్పడమే ప్రమాదమైన కాలం దాటి వచ్చినవాళ్లు, ఒంటి మీదుగా మాట్లాడారు. మన ఊళ్ల ఓపీల్లోనూ ముందు వచ్చేది గుండెదడ, తలబరువు, అరికాళ్ల మంటలు. దిగులు సంగతి డాక్టరు గుచ్చి అడిగితే గానీ రాదు.

మధ్యాహ్నం ఒక సంప్రదాయ వైద్యశాలలో సూదుల (ఆక్యుపంక్చర్) విభాగానికి వెళ్లాం. గుమ్మంలోనే ఘాటైన పొగ వాసన. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతి మొక్క ఆకుల్ని ఎండబెట్టి, ఒంటికి దగ్గరగా కాల్చి వేడి తగిలిస్తారు. నిద్రపట్టని ఒక నడివయసు మనిషికి మణికట్టు ముడత దగ్గర, నడినెత్తిన, చీలమండ పైన సన్నటి సూదులు దించారు. బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తోందా అని డాక్టరు అడుగుతున్నారు. అలా అనిపిస్తేనే సూది సరిగ్గా పడ్డట్టు. తర్వాత అరగంట పడుకోవాలి. మందుల గదిలో అడవి రేగు గింజల సొరుగు చూపించారు. హాన్ కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ నిద్రలేమికి చెప్పిన కషాయంలో ముఖ్యమైన దినుసు అదే. మన అతిమధురం కూడా ఆ కషాయంలో ఉంది.

తర్వాత వచ్చిన కుర్రాడికి మాత్రం ఆ డాక్టరు సూది వేయలేదు. నాడి చూశారు, నాలుక చూశారు, మెల్లగా ఏవో ప్రశ్నలు అడిగారు. చివరికి ఒక చీటీ రాసి ఎదురు భవనంలోని మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. ఆ రోజు నేను చూసిన వైద్యంలో నాకు బాగా నచ్చింది ఆ చీటీయే.

సూదికి ఆధునిక శాస్త్రం ఏమంటుందో ఆ అమ్మాయికి బాగా తెలుసు. 2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధనలో, చిట్టెలుకల వెనక కాలి మోకాలి కింద ఒక చోట సూదితో తేలికపాటి కరెంటు ఇస్తే వేగస్ నరం ద్వారా అడ్రినల్ గ్రంథి స్పందించి వాపు తగ్గింది. అదే కరెంటు పొట్ట మీద ఇస్తే ఆ దారి కదల్లేదు. ఆ దారిని కదిలించే రకం నరాలు కాలి లోతు కణజాలంలో ఉన్నాయి, పొట్ట దగ్గర లేవు. అంటే చోటుకు విలువుంది. కానీ జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1162 మందితో చేసిన పరీక్ష వేరే కథ చెప్పింది. ఆరు నెలలకు, సరైన చోట సూదులు పడినవాళ్లలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. వేరే చోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం మందికి, మామూలు చికిత్స పొందినవాళ్లలో 27.4 శాతం మందికి. సూది పడిన చోటుతో పాటు పడుకున్న అరగంట, పట్టించుకున్న చేయి కూడా పనిచేస్తున్నాయేమో.

ఊపిరి సంగతిలో ఇంత గొడవ లేదు. పీల్చినప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వదలడాన్ని సాగదీసి నిమిషానికి ఆరు శ్వాసల దగ్గరికి తెస్తే, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పట్టు పెరుగుతుంది. నాళాలు పదకొండన్నవాళ్లూ, పన్నెండన్నవాళ్లూ, నరం పేరు చెప్పినవాళ్లూ చేయమన్నది ఒకటే.

అందుకే సూదుల గది కన్నా పార్కు మీదే నాకు గురి కుదిరింది. సూదికి ఇంకొకరి చేతికి ఒళ్లు అప్పగించాలి, డబ్బు కట్టాలి. పార్కులో పన్నెండు నిమిషాలకు ఖర్చు లేదు, రేపు కూడా చేయొచ్చు, పక్కన నలుగురు ఉంటారు. నిద్ర పట్టడం లేదనే వాళ్లకు నేను చెప్పేది ఇదే: ఊపిరి నెమ్మదిగా వదులుతూ, రోజూ, కుదిరితే నలుగురితో కలిసి ఒళ్లు కదపండి. కానీ దిగులు రెండు వారాలు దాటిందా, ఆ కుర్రాడు వెళ్లిన ఎదురు భవనానికే మీరూ వెళ్లాలి.