పసిపాప గుడ్డలు

శిశువునకు గుడ్డయా, డైపరా యను తగవు మా యింటికిని వచ్చినది. పాతచీర గుడ్డ మెత్తనిదని పెద్దలందురు, నిజమే. దానియందు మరియొక గుణము కలదు. అయిదవ దినము దాటిన శిశువు దినమునకు ఆరుసార్లైనను తడిపినచో పాలు చాలుచున్నవని వైద్యులందురు. గుడ్డయైనచో ఆ లెక్క తల్లికి తానై తెలియును. డైపరులోని పొడి తన బరువునకు బహురెట్లు నీటిని పీల్చి జిగురుముద్ద యగును. తడిసిన రంగు మారు గీతలున్నను అవి యెన్నిసార్లో చెప్పవు.

అయినను, గుడ్డను మెచ్చువారందరును దానిని ఉతుకువారు కారు. దినమునకు పదిపండ్రెండు గుడ్డలు, శ్రావణపు ముసురు, బాలెంత నడుము నొప్పి! ఆ పని అమ్మమ్మపైననో పనిమనిషిపైననో పడును. సబ్బు పోవునట్లు జాడించి బాగుగా ఆరవేయకున్న బిడ్డ తొడలు కమలును. కావున సోదరీమణులారా, ఉతుకువారిని ముందడిగి పిదప నిశ్చయింపుడు.

మేము పగలు గుడ్డను, రాత్రియు ప్రయాణమునందును డైపరును ఏర్పరచుకొంటిమి. వాడినదానిని భద్రముగా చుట్టి పడవేయవలెనని 2016 నాటి ప్రభుత్వ నియమములు విధించినవి, కాలువపాలు చేయరాదు. ఉతుకు వంతు మా యమ్మది, ఆదివారములు మావారిది. మొదటి ఆదివారము వారు గుడ్డలకు గంజికూడ పెట్టినారు.