రెపో రేటు చూస్తూ గడిపిన ఇరవై రెండు నెలలు

2023 మే నెలలో హైదరాబాదు నిజాంపేటలో మేం చూసిన రెండు పడకగదుల ఫ్లాట్ ధర 72 లక్షలు. తూర్పు ముఖం, రెండో అంతస్తు, లిఫ్టు ఉంది, పాప బడికి నడిచి వెళ్లొచ్చు. మా ఆవిడ వంటగది కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. నచ్చిందని ఆమె చెప్పనక్కర్లేకుండానే నాకు అర్థమైంది. ఇంటికొచ్చి, "వడ్డీలు బాగా పెరిగి ఉన్నాయి, కాస్త దిగాక చూద్దాం" అన్నాను. ఆ మాటను అత్తామామలకు, ఆఫీసులో వాళ్లకు, ఇల్లు చూపించిన మధ్యవర్తికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

ఆ మాటలో అబద్ధం లేదు. 2020లో రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని, రిజర్వు బ్యాంకు 4 శాతానికి దించింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు అది 6.50కి ఎక్కింది. బ్యాంకు రెపోకు తన 2.25 కలిపి నాకు 8.75 శాతం చెప్పింది. రెండేళ్ల ముందు కొన్నవాళ్లకు అదే అప్పు ఆరున్నర, ఆరుముప్పావుకే దొరికింది. ఆ తేడా చూసి ఆగాలనిపించని మనిషి ఉంటాడా?

అలా మొదలైంది నా నిరీక్షణ. రెండు నెలలకోసారి ద్రవ్య విధాన కమిటీ నిర్ణయం వెలువడే రోజు, పొద్దున పది గంటలకు ఆఫీసులో పని పక్కనపెట్టి ఫోన్ చూసేవాణ్ని. జూన్‌లో మార్పు లేదు. ఆగస్టులో లేదు. అక్టోబరు, డిసెంబరు, మళ్లీ ఫిబ్రవరి... నేను చూస్తుండగా వరుసగా పది సమావేశాలు 6.50 దగ్గరే ముగిశాయి. గవర్నర్ శక్తికాంత దాస్ వెళ్లి సంజయ్ మల్హోత్రా వచ్చాక, 2025 ఫిబ్రవరి 7న మొదటిసారి పావు శాతం తగ్గింది.

ఆ సాయంత్రం కాగితం తీసుకుని లెక్క వేశాను. 50 లక్షల అప్పు, ఇరవై ఏళ్లు. 8.75 దగ్గర నెల వాయిదా 44,186 రూపాయలు. 8.50 దగ్గర 43,391. తేడా 795. ఇరవై రెండు నెలలు నేను కాచుకున్నది నెలకు 795 రూపాయల కోసమా! కాగితం మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసి, "వడ్డీ మీద నెపం పెట్టకండి. అప్పుడు మన దగ్గర డబ్బు లేదు, అంతే కదా" అంది.

అంతే. 72 లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 80 శాతం, అంటే 57 లక్షల 60 వేలు. మిగతా 14 లక్షల 40 వేలు మా చేతి డబ్బు. దానిమీద స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం: మరో 5 లక్షల 40 వేలు. ఈ ఖర్చుకు బ్యాంకు అప్పివ్వదు. మొత్తం దాదాపు 20 లక్షలు కావాలి. మా దగ్గరున్నవి 11. ఆ తొమ్మిది లక్షల లోటు రెపో రేటు ఎంత దిగినా పూడదు. పైగా అంత అప్పు తీసుకుంటే వాయిదా 51 వేలు అయ్యేది. ఇద్దరి జీతాలు కలిపి నెలకు లక్షా పది వేలు వచ్చే ఇంట్లో, ఒక ఉద్యోగం పోతే ఏం కావాలి? ఆ భయాన్ని భయమని చెప్పలేక వడ్డీ అని పేరు పెట్టాను.

చౌటుప్పల్ దగ్గర 2014లో కొన్న ఓపెన్ ప్లాటు ఒకటుంది. దాన్ని అమ్మే మాట నేను ఎత్తనివ్వలేదు. మా వైపు భూమి అమ్మడమంటే ఇంట్లో ఏదో కీడు జరిగినట్టే చూస్తారు. ఆ ప్లాటు నెలకు ఒక్క రూపాయీ తేదు. కబ్జా కాకుండా చుట్టూ కడీలు పాతించడానికి మేమే ఖర్చు పెట్టాం. అయినా అమ్మడానికి చెయ్యి రాలేదు.

ఆగినందుకు ఎంత నష్టపోయామో తెలుసుకోవాలని ఆ రాత్రే ఇంకో లెక్క వేశాను. 2025 నాటికి అదే అపార్ట్‌మెంటులో, అదే వైశాల్యం ఉన్న ఫ్లాటు 79 లక్షలు చెప్పారు. రిజిస్ట్రేషన్‌లో పెరిగేదీ కలిపితే ఏడున్నర లక్షలు ఎక్కువ. ఇది కళ్లకు కనిపించే నష్టం. కానీ 2023లోనే ప్లాటు అమ్మి కొని ఉంటే 51 లక్షలకు పైగా అప్పు ఉండేది. ఈ ఇరవై రెండు నెలల్లో వడ్డీ కిందే ఎనిమిది లక్షలు పోయేవి. దానికి బదులు నెలకు 21 వేల చొప్పున 4 లక్షల 62 వేలు అద్దె కట్టాం. ఈలోగా ప్లాటు ధర 15 నుంచి 18 లక్షలకు పెరిగింది. అన్నీ కూడి తీసేస్తే తేడా లక్ష అటూ ఇటూ. బాగుపడిందీ లేదు, మునిగిందీ లేదు. ఇది మా లెక్క. ధర ఇంకా వేగంగా ఎగబాకిన కోకాపేట వైపు చూసి ఉంటే లెక్క వేరుగా తేలేది.

అద్దె గురించి ఒక మాట చెప్పాలి. "అద్దె కట్టే డబ్బుతో వాయిదా కట్టుకోవచ్చు కదా" అని అందరూ అంటారు. హైదరాబాదులో ఆ మాట నిలబడదు. 79 లక్షల ఫ్లాటుకు అద్దె 21 వేలు. 50 లక్షల అప్పుపై మొదటి నెల వడ్డీ ఒక్కటే 35,417. వడ్డీ అద్దెతో సమానం కావాలంటే రేటు 5 శాతానికి రావాలి. రెపో 4 శాతానికి దిగిన రోజుల్లోనే గృహ రుణం ఆరున్నర దగ్గర ఆగింది. పన్ను మినహాయింపు అనే పాత ఆసరా కూడా నాకు లేదు. కొత్త పన్ను విధానంలోకి మారాను, అందులో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు ఇవ్వరు. లాభం కోసమే అయితే అద్దె ఇంట్లోనే ఉండాలి. ఆఖరికి మేం ఆ 79 లక్షల ఫ్లాటు కొన్నాం, కానీ లాభం కోసం కాదు. ఏడేళ్లలో మూడుసార్లు ఇల్లు ఖాళీ చేశాం. మూడోసారి ఓనర్ నెల గడువు ఇచ్చినప్పుడు పాపకు వార్షిక పరీక్షలు. సూర్యాపేటలో ఒంటరిగా ఉంటున్న నాన్నకు మోకాళ్లు పట్టేశాయి. లిఫ్టు ఉన్న ఇల్లు కావాలి, అదీ మమ్మల్ని ఎవరూ లేవమనని ఇల్లు.

మార్చిలో ప్లాటు అమ్మేశాం. పాత 11 లక్షలు, ఆ ఇరవై రెండు నెలల్లో నెలకు 45 వేల చొప్పున దాచినవి దాదాపు 10, ప్లాటువి 18. యాభై లక్షలకు మించి అప్పు వద్దనుకున్నాం. బయానా ఇచ్చే ముందు ముప్పై ఏళ్ల లావాదేవీలు చూపే ఈసీ తీయించి, లింకు దస్తావేజులు, నివాసానికి అనుమతిచ్చే ఓసీ, స్థలంలో మా వాటా అయిన యూడీఎస్ ఎన్ని గజాలో లాయరుతో చూపించాం. రిజిస్ట్రేషన్ అయ్యాక చేతిలో 4 లక్షలు మిగిలాయి. వాటితో కప్‌బోర్డులు చేయిద్దామని నేనన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. జీతం ఆగినా ఆరు నెలల వాయిదాలు, ఇంటి ఖర్చు కొంత గడవాలని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించింది.

సంతకాలు పెట్టే వారంలో కూడా మిత్రులు ఆపారు. "ఇంకా తగ్గుతుంది, తొందరెందుకు?" నిజంగానే తగ్గింది. ఏప్రిల్‌లో పావు, జూన్‌లో అర, డిసెంబరులో మరో పావు. రెపో 5.25కి వచ్చింది. మాది చర వడ్డీ అప్పు కాబట్టి ఆ తగ్గుదల మాకూ వచ్చింది: 8.50 కాస్తా 7.50 అయింది. రేటు తగ్గాక కొన్నవాడికీ, ముందు కొన్నవాడికీ రెపో ఒకటే. 79 లక్షల ధర మాత్రం నేను సంతకం పెట్టిన రోజునే ఖాయమైపోయింది. ఇంత చిన్న సంగతి నాకు ఇరవై రెండు నెలలు తట్టలేదు.

అయితే రెపో ఎక్కేటప్పుడు కూడా అందరి మీదా ఎక్కుతుంది. చెల్లిని చూసి ఆ సంగతి తెలుసుకున్నాను. 2021లో ఆమె 40 లక్షలు 6.75కి తీసుకుంది, వాయిదా 30,415. 2023 కల్లా రేటు 9.25 అయింది. బ్యాంకు వాయిదా పెంచకుండా గడువు పెంచుకుంటూ పోయింది. ఒకరోజు ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది: "అన్నయ్యా, ముప్పై వేలు కడుతుంటే అసలుకు వెయ్యి కూడా పోవట్లేదు!" స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే నిజమే. ఆ నెల నుంచే వాయిదా 36 వేలకు పెంచుకుంది. రేటు మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అని బ్యాంకు అప్పు తీసుకున్నవాళ్లను అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా వదిలేసేవాళ్లు ఎందరో. ఈమధ్య ఇంకోటి గమనించాం: రెపో మీద ఆమె బ్యాంకు కలిపేది 2.75, నాకు 2.25. ఎన్నేళ్లు కాచుకున్నా ఆ అర శాతం తనంతట తాను దిగదు. కొంత రుసుము కట్టి తగ్గించమని అర్జీ పెట్టింది.

డిసెంబరు తగ్గింపు తర్వాత మాకు కూడా బ్యాంకు నుంచి వాయిదా మార్చాలా, గడువు మార్చాలా అన్న ప్రశ్న వచ్చింది. వాయిదా తగ్గించుకుంటే నెలకు మూడు వేలు మిగులుతాయి. పాత 43,391 అలాగే ఉంచితే రెండున్నరేళ్లకు పైగా వాయిదాలు తప్పుతాయి. అలాగే ఉంచమన్నాం. చర వడ్డీ గృహ రుణం ముందుగా తీర్చినా జరిమానా ఉండదు కాబట్టి, ఏటా బోనస్‌లో లక్ష అసలుకు కట్టాలని కూడా అనుకున్నాం.

నాన్న ఇప్పుడు మాతోనే ఉంటున్నాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసినప్పుడు ఉద్యోగుల పరపతి సంఘం (సీసీఎస్) లోన్లు తీసుకుంటూ, తీరుస్తూ సూర్యాపేటలో రెండు గదులు వేయడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది. గోడలు లేచాక రెండేళ్లు స్లాబు పడలేదు. మొన్న రాత్రి నా దగ్గర కూర్చుని, "రెపో గిపో నాకెందుకురా, ఇంకెన్ని నెలలు కట్టాలె?" అన్నాడు. సుమారు నూట తొంభై ఎనిమిది అని చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెను ఒక చీటీ మీద రాసుకున్నాడు. అసలు దస్తావేజులు బ్యాంకులోనే ఉన్నాయి. మా దగ్గరున్నవి జిరాక్సులు. బీరువా తెరిచి, వాటి మధ్య చీటీ పెట్టి, వచ్చే నెల గుర్తుచేయమన్నాడు, కొట్టేసి కొత్తది రాయడానికి.