గాలితో చేసిన లేజరు

విజయవాడ నుంచి మైలవరం మీదుగా తిరువూరు పోయే దారిలో ఎ.కొండూరు వస్తుంది. ఇది ఎన్టీఆర్ జిల్లాలోని ఒక మండలం. మామిడి తోటలు, మెట్టచేలు, మధ్యమధ్య లంబాడీ తండాలు. పత్రికలు చదివేవారికి ఈ పేరు కొత్త కాదు. ఇక్కడి తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎందరి ఇళ్ళనో కుంగదీసింది. బోరునీటి మీద అనుమానం కలిగి, కృష్ణ నీటిని గొట్టాల ద్వారా తేవడానికి పూనుకున్నారు. గ్లాసులో పోసి చూస్తే బోరునీరు తేటగానే ఉంటుంది. కంటికి కనిపించనంత మాత్రాన లేదనుకోకూడదన్న సంగతి ఈ ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

నేను వెళ్ళింది మా అక్కగారింటికి, మామిడిపళ్ళ వేళకు. చూసింది మాత్రం లేజరు!

మా మేనల్లుడు డిప్లొమా చదువుతున్నాడు. వరండాలో బల్ల మీద ఒక పెద్ద అల్యూమినియం రేకు, దానిపై ప్లాస్టిక్ పొర, ఆ పైన పక్కపక్కనే రెండు చిన్న రేకులు పరిచాడు. వాటి అంచుల మీద ఎదురెదురుగా రెండు కడ్డీలు. వాటి మధ్య సందు నాలుగైదు గింజల మందం ఉంటుందేమో.

"ఇదేమిట్రా?" అన్నాను.

"లేజరు మావయ్యా. వాయువు కొనక్కరలేదు. మనం పీల్చే గాలే చాలు."

వాడు కోతలు కోయడం లేదు. మొట్టమొదటి వాయు లేజరును 1960 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో అలీ జవాన్ బృందం వెలిగించింది. అందులో హీలియం, నియాన్ వాయువులు వాడారు. 1964లో అక్కడే మన దేశంలో పుట్టిన కుమార్ పటేల్ బొగ్గుపులుసు వాయువుతో లేజరు చేసి చూపాడు. నేడు కళ్ళజోడు అక్కర లేకుండా చేసే లాసిక్ ఆపరేషనులో కంటిపొరను చెక్కేది కూడా వాయు లేజరే. ఇక 1974లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక, ఇంట్లో చేసుకోదగిన నైట్రోజన్ లేజరును ఔత్సాహికులకు పరిచయం చేసింది. గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజనే కదా!

ఇది పనిచేసే తీరు చిత్రమైనది. రేకులలోకి వేల వోల్టుల విద్యుత్తు నింపుతారు. ఒక చోట చిన్న సందులో నిప్పురవ్వ దూకుతుంది. ఆ క్షణంలో ఒక రేకు ఖాళీ అయి, రెండవది నిండుగా ఉండిపోతుంది. ఆ తేడా అంతా కడ్డీల మధ్య గాలి మీద పడుతుంది. నైట్రోజన్ అణువులు ఉద్రేకం చెంది, ఒకదాన్ని చూసి ఒకటిగా వెలుగును వదులుతాయి. అద్దాలు కూడా అక్కరలేదు. అయితే అంతా సెకనులో వందకోటవ వంతులు కొన్నింటిలో ముగిసిపోవాలి. ఆలస్యమైతే వెలుగు పుట్టదు. పుట్టిన వెలుగైనా కంటికి ఆనదు. దాని తరంగం పొడవు 337 నానోమీటర్లు, అంటే అతినీలలోహితం.

"వెలుగు కనబడదు కాబట్టి భయం లేదు మావయ్యా" అన్నాడు వాడు.

సరిగ్గా అప్పుడే మా బావగారు చేను నుంచి వచ్చారు. ఆయన చదువుకున్నది తక్కువే గాని, ముప్పై ఏళ్ళుగా బోరు మోటారుతో కాపురం చేస్తున్న మనిషి. బల్ల వంక చూసి, "ఇందులో కెపాసిటర్ ఏదిరా?" అన్నారు. కొడుకు రేకులు చూపించాడు.

"మన స్టార్టరు పెట్టెలోనూ ఒకటుంది. మీట కట్టినా దాని కడుపులో కరెంటు మిగిలే ఉంటుంది. ఫీజులు పీకాలి, టెస్టరు పెట్టి చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. దీన్ని ఖాళీ చేసే దారేది?"

కుర్రవాడు నీళ్ళు నమిలాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. లేజరు కిరణం కంటికి చెరుపు చేస్తుంది, నిజమే. కాని ప్రాణం తీయగలిగేది రేకుల్లో దాగిన విద్యుత్తు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఏమేం కావాలో రాసుకున్నాం. పాత మైక్రోవేవ్ పొయ్యి ట్రాన్స్‌ఫార్మరు జోలికి పోరాదు. అది ఇచ్చే కరెంటు మనిషిని బతకనివ్వదు. ప్రవాహం అతి స్వల్పంగా ఉండే సరఫరానే వాడాలి. ఆ వోల్టేజికి తట్టుకునే నిరోధకం ఒకటి రేకులకు శాశ్వతంగా కట్టి ఉంచాలి. సరఫరా ఆగగానే విద్యుత్తు దాని గుండా జారిపోతుంది. అది చాలదు. పొడవైన ప్లాస్టిక్ పిడి ఉన్న ఎర్తు కడ్డీని ప్రతిసారీ రేకులకు తాకించాలి. మొత్తాన్ని మూతపెట్టెలో ఉంచాలి. మూత తీస్తే సరఫరా తెగిపోవాలి. అతినీలలోహితాన్ని ఆపే పాలికార్బనేట్ కళ్ళజోడు పెట్టుకోవాలి. అదున్నా కిరణానికి ఎదురుగా కన్ను పెట్టరాదు. నిప్పురవ్వలు ఓజోను వాయువును పుట్టిస్తాయి కనుక కిటికీలు తీసి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటరిగా చేయరాదు.

"కాలేజీలో మాస్టారు పక్కన ఉంటేనే వెలిగించు" అని బావగారు తేల్చేశారు. వాడు ముఖం ముడుచుకున్నా, మరునాడు రేకులు విప్పి గోనెసంచిలో సర్దాడు.

కొన్ని వారాలకు ఫోను చేశాడు. లేజరు వెలిగిందట. ఎదుట పెట్టిన తెల్లకాగితం మీద నీలిమచ్చ మెరిసిందట. కాగితాన్ని తెల్లగా కనిపించేలా చేసే రసాయనం ఆ కనబడని కిరణాన్ని తాగి, కనబడే నీలాన్ని కక్కుతుంది.

"వెంటనే పరుగెత్తి చూశావా?" అని అడిగాను.

"లేదు మావయ్యా. ముందు మీట కట్టి, ఎర్తు కడ్డీ తాకించాను. ఆ తరువాతే కాగితం దగ్గరికి వెళ్ళాను" అన్నాడు.

లేజరు వెలిగినందుకు కన్నా, ఆ మాటకే నాకు ఎక్కువ సంతోషం కలిగింది.