గిర్మాజీపేట ఇంట్లో షాబాద్ బండలు

వరంగల్ గిర్మాజీపేటలో మా ఇంటికి ముందు రెండు అర్రలు, వెనక వంటిల్లు, ఆ వెనక బావి. గోడలు మట్టివి, నేలా మట్టిదే. పండుగ ముందురోజు నాయినమ్మ ఎర్రమన్ను నానబెట్టి, పేడ కలిపి, వెనక మూల నుంచి మొదలుపెట్టి కడప దాకా అలికేది. ఆరేదాకా పిల్లలం వాకిట్లోనే ఉండాలి. ఆరినంక నేల మీద ఆమె వేళ్ల చారలు వరుసగా తేలేవి. కడపకు జాజు పూసి, సున్నంతో చుక్కలు పెడితేగాని ఆ రోజు పని ముగిసేది కాదు.

అందంగా ఉండేదన్నది నిజమే, కానీ వానకాలం వస్తే ఆ నేలతో పడరాని పాట్లు. చెమ్మెక్కి చాపలు బూజు పట్టేవి. బియ్యం బస్తాల కింద చెదలు. అలికీ అలికీ నాయినమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. బాపు ఆజంజాహి మిల్లులో కార్మికుడు. 1934లో నిజాం ప్రభుత్వ కాలంలో పెట్టిన ఆ మిల్లు సైరన్‌తోనే మా పేటలో పొద్దు నడిచేది. బోనసు చేతికొచ్చిన ఒక ఏడాది నేల వేయించాలని బాపు తీర్మానించాడు.

ఇక ఇంట్లో రోజూ అదే ముచ్చట. హన్మకొండ కొత్త ఇళ్లలో మొజాయిక్ వేస్తున్నారని, అదే వేయిద్దామని కాక పట్టుబట్టాడు. మొజాయిక్‌కు కింద గట్టి కాంక్రీటు కావాలి, లేకుంటే పగులుతుంది. మట్టి మీద అంత ఖర్చు బాపు వల్ల కాదు. సిమెంటు గచ్చు చవక, కానీ అది త్వరగా పెచ్చులూడుతుంది. చివరికి షాబాద్ బండలే ఖాయమయ్యాయి. షాబాద్, తాండూరు ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలోవే. తాండూరు, వాడీ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో పడిన రైలు మార్గం మీదనే ఉంది. ఈ రెండు చోట్లా సున్నపురాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. అందుకే పలకలుగా తీయడం తేలిక, ధర కూడా మాలాంటివాళ్లకు అందేది.

బండలు ఏరడానికి సుతారి బాపును, నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఒక్కో బండను ఓరగా నిలబెట్టి, సుత్తి కొసతో మెల్లగా కొట్టి చెవి ఒగ్గేవాడు. “సప్పుడు ఇను అన్నా. ఇది ఖంగుమంటున్నది, తీసుకో. గిది బొద్దుగ అంటున్నది, లోపల పొర ఇడిసింది. మంచం కోడు పడితే పగుల్తది” అన్నాడు. రంగు చూడలేదు, నునుపు చూడలేదు. ముందు చప్పుడు, తర్వాత మందం, ఆ తర్వాతే మిగతావి.

పాత మన్ను తవ్వి, నీళ్లు పోసి దిమ్మిస కొట్టారు. దాని మీద ఇసుక, ఇసుక మీద మాలు, దారం కట్టి ఒక్కో బండ. బావి వైపు వాలు పెట్టారు. వంటింట్లోకి వచ్చేసరికి నాయినమ్మ అడ్డం నిలబడింది. “పొయ్యికాడ మన్నే ఉంచు బిడ్డా. బండ మీద నీళ్లు పడితే జారి పడ్త” అంది. బాపు పొయ్యి చుట్టూ జాగా వదిలేశాడు. ఆమె ఉన్నన్నాళ్లూ దాన్ని అలుకుతూనే ఉంది.

వరంగల్ ఎండలు తెలిసినవాళ్లకు ఆ బండల సుఖం చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం తడిబట్టతో తుడిచి, చొక్కా విప్పి పడుకుంటే వీపుకు చల్లగా తగిలేది. చుట్టాలొస్తే కొత్తవాడ మగ్గాల మీద నేసిన శత్రంజీ పరిచేవాళ్లం. ఈ ఊరి తివాచీలు 1851లోనే లండన్ మహాప్రదర్శనకు పోయాయి. వరంగల్ శత్రంజీకి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మాకు మాత్రం అది ఎర్రచారల పరుపు. చింతపండు పులుసు ఒలికితే శత్రంజీ ఉతికితే పోయేది, బండ మీది మచ్చ పోయేది కాదు. సున్నపురాయికి పులుపు పడదు.

ఇప్పుడు ఆ ఇంటిని బాగు చేయిస్తున్నాం. బండల మీదనే టైల్స్ అతికిస్తే రెండు రోజుల్లో అయిపోతుందని చాలామంది అన్నారు. అలా చేస్తే నేల లేచి తలుపులు కింద కోయాలి, కడపలు మునిగిపోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు చెమ్మది. బండల సందుల్లోంచి కొంతైనా ఆరే తడి, పైన టైల్స్ బిగిస్తే దారి లేక మట్టిగోడల్లోకి ఎక్కుతుంది. పాత మట్టి ఇంటికి అది మంచిది కాదు. అందుకే పగిలినవాటి చోట పెరట్లో వాడని బండలు వేయించి, సందులు పూడ్పించి, మొత్తం నేలకు మిషన్ పాలిష్ పట్టించాం. లోపలి నీలం రంగు పైకి తేలింది.

పాత ఇల్లు సరిచేయించుకునేవాళ్లకు నా మాట ఒక్కటే: బండలు తవ్వించే ముందు ఒక్క అర్రకు పాలిష్ పట్టించి చూడండి. అప్పటికీ నచ్చకపోతే టైల్స్ ఎక్కడికీ పోవు.