ఒక్క పంక్తి

చుట్టములు వచ్చినపుడు వైకల్యముగల బిడ్డకు వంటయింటి మూలను ముందుగనే అన్నము పెట్టి పంపివేయుట పెక్కిండ్లలో కలదు. బిడ్డకు ఆకలి తీరును గాని, తనవారిలో తానొకడనను తృప్తి కలుగదు.

సెరిబ్రల్ పాల్సీవలన అవయవములు బిగిసిన మా బాలుని, పాఠశాలనుండి వారు రాగానే, మా పంక్తిలోనే కూర్చుండబెట్టుదుము. వీపునకు దిండు చేర్చి, తల వెనుకకు వాలనీయము. మెత్తగా మెదిపిన పప్పన్నము కొంచెము కొంచెముగా నిచ్చి, మ్రింగిన పిదపనే రెండవ ముద్ద పెట్టుదుము. ఇట్టి బిడ్డలలో కొందఱికి పలుచని చారు పొలమారును. చిక్కని పెరుగన్నము సులువుగా దిగును. తినిన వెంటనే పరుండబెట్టక అరగంట కూర్చుండనీయవలెను. మాటిమాటికి పొలమారినచో వైద్యునకు చూపవలెను.

ఆటిజముగల బిడ్డ జిగురు బెండకాయను త్రోసివేయుట పెంకితనము కాదు. ఆ స్పర్శయే కొందఱికి దుస్సహము. బలవంతపెట్టక, ఇష్టమైన దాని ప్రక్కనే క్రొత్తది రవంత యుంచి వేచియుండుట మేలు.

మా యింట కరివేపాకు దూయు పని బాలునిదే. చారులో ఆకు కనబడగానే "నాది" యని నవ్వును.

2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. పంక్తిలో విస్తరి వేయుట మాత్రము చట్టము పని కాదు, అమ్మలారా, మనదే.