రన్‌వే అయిపోయాక ఏముంది?

మంగళూరులో దిగేటప్పుడు విండో సీటు దొరికితే ఫోన్ కాసేపు పక్కన పెట్టి కిందికి చూడండి. కొబ్బరి తోటలు, పెంకుటిళ్లు, నది మలుపులు... ఇంకా లోయ మీదే ఉన్నాం కదా అనుకుంటుండగానే చక్రాలు నేలను తాకేస్తాయి. కొండ తలను చదును చేసి కట్టిన ఎయిర్‌పోర్టు ఇది. ఇలాంటి వాటిని టేబుల్‌టాప్ రన్‌వే అంటారు. బల్ల మీద గోళీ దొర్లించడం లాంటిదే. అంచు దాటిందా, కిందికే!

మన శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. ఇక్కడిది 2,450 మీటర్లు. అంతేనా అని భయపడక్కర్లేదు, మనం ఎక్కే మామూలు విమానాలకు ఆ పొడవు సరిపోతుంది. చూడాల్సింది పొడవు కాదు, రన్‌వే అయిపోయాక ఏముందీ అని.

ఎయిర్‌పోర్టు కింద ఉన్న కెంజారు వైపు ఆటోలో వెళ్తుంటే, నేనేమీ అడక్కుండానే డ్రైవర్ కొండ అంచు వైపు చెయ్యి చూపించాడు. “2010” అన్నాడు. అంతే. ఈ ఊళ్లో ఆ అంకె చెబితే ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆ ఉదయం

2010 మే 22. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం. లోపల 166 మంది. విమానం ఉండాల్సిన దానికంటే బాగా ఎత్తులో వచ్చింది. దాన్ని దూరం నుంచే గమనించే రాడార్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయిన కెప్టెన్ అలాగే దించబోయాడు. ‘గో అరౌండ్’... అంటే దిగకుండా మళ్లీ పైకి లేపు అని కో-పైలట్ ఒకటికి మూడుసార్లు చెప్పాడు. అయినా దించేశాడు. చక్రాలు తాకేసరికే రన్‌వే సగానికి పైగా అయిపోయింది. విమానం చివరిదాకా వెళ్లి, అవతల ఉన్న యాంటెన్నా కాంక్రీటు దిమ్మెను రెక్కతో కొట్టి, లోయలో పడి కాలిపోయింది. 158 మంది చనిపోయారు. బతికింది ఎనిమిది మందే.

తప్పు పైలట్‌దే అని దర్యాప్తు తేల్చింది. కానీ అక్కడితో ఆగలేదు. కాంక్రీటు దిమ్మె అక్కడెందుకుంది? తగిలితే విరిగిపోయేలా ఎందుకు కట్టలేదు? రాడార్ సంగతేంటి? ఇవన్నీ పైలట్ చేతిలో ఉన్నవి కావు కదా.

తప్పనిసరి 90, ఉంటే మంచిది 240

రన్‌వే చివర ఖాళీగా వదిలే నేలను ‘రెసా’ అంటారు. విమానం ఆగకుండా ముందుకు దూసుకొస్తే నష్టం తగ్గించే జాగా అది. అంతర్జాతీయ నియమాల్లో దీనికి రెండు అంకెలున్నాయి. 90 మీటర్లు తప్పనిసరి. 240 మీటర్లు సిఫారసు, అంటే ఉంటే మంచిది. మంగళూరులో అప్పుడు ఉన్నది 90. కాగితం మీద అంతా కరెక్టే! మైదానంలో అయితే ఇంకో 150 మీటర్లు కలపడం సులువు. కొండ మీద కలపాలంటే లోయను పూడ్చాలి, కోట్లు పోయాలి. ‘ఉంటే మంచిది’ అన్నది వాయిదా పడేది ఇలాంటి చోటే.

మరి అడగాల్సింది ఎవరు? మన దేశంలో ఆ పని డీజీసీఏది. రూల్స్ పెట్టేదీ, ఎయిర్‌పోర్టుకు లైసెన్స్ ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ అదే. ప్రమాదాల దర్యాప్తు కూడా చాలావరకు దాని చేతిలోనే ఉండేది. పేపర్ సెట్ చేసినవాళ్లే దిద్దినట్టు. దర్యాప్తుకు వేరే స్వతంత్ర సంస్థ కావాలని మంగళూరు నివేదిక చెప్పింది. 2012లో ఏఏఐబీ వచ్చింది. 2014 జనవరిలో అమెరికా మన విమానయాన పర్యవేక్షణ స్థాయిని తగ్గించేసింది. ముఖ్య కారణం, తనిఖీ చేసే నిపుణులు చాలినంత మంది లేకపోవడం. ఏడాది దాటాకే, 2015 ఏప్రిల్‌లో పాత స్థాయి తిరిగొచ్చింది.

మళ్లీ అదే దృశ్యం

మంగళూరు నుంచి రైలెక్కితే నాలుగైదు గంటల్లో కోజికోడ్. అక్కడి కరిపూర్ ఎయిర్‌పోర్టుదీ కొండే. మంగళూరు ప్రమాదం తర్వాత, 2011లోనే భద్రతా సలహా కమిటీలో ఉన్న ఒక పైలట్ ఈ రన్‌వే గురించి హెచ్చరించాడు. వానలో, వెనక గాలితో ఇక్కడ దిగడం ప్రమాదం అని. 2020 ఆగస్టు 7 రాత్రి సరిగ్గా వాన, సరిగ్గా వెనక గాలి. విమానం రన్‌వే సగం దగ్గర నేలను తాకింది. ఇక్కడ రెసా 240 మీటర్లు ఉంది. అదీ దాటేసి పడింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు.

నేల ఒక్కటే కాపాడదు, పైలట్ ఒక్కడే కాపాడడు. రెండూ కావాలి. ప్రమాదం తర్వాత కరిపూర్‌కు పెద్ద విమానాలు ఆపేశారు. రెసా పెంచడానికి కేరళ ప్రభుత్వం భూమి సేకరించింది. అదే 2020లో డీజీసీఏకు, ఏఏఐబీకి చట్టబద్ధత వచ్చింది. గరిష్ఠ జరిమానా 10 లక్షల నుంచి కోటికి పెరిగింది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ బిల్లును పార్లమెంటులో పెట్టింది మన శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడే. అయితే తనిఖీ చేసేవాళ్లూ, దర్యాప్తు చేసేవాళ్లూ ఇప్పటికీ ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్నారు. నాకు మిగిలిన ప్రశ్న అదొక్కటే.

మంగళూరు వెళ్తే బీచ్, నీర్ దోసె ఎలాగూ ఉంటాయి. కూళూరు దగ్గర నది ఒడ్డున 2010 మృతుల స్మారకం ఉంది. ఎవరో గుర్తుపట్టలేకపోయిన మృతదేహాలను ఖననం చేసింది అక్కడే. అరగంట వెళ్లి రండి.

ఇంకోటి. గో అరౌండ్ చేసినందుకు పైలట్‌ను శిక్షించకూడదని ఇప్పుడు డీజీసీఏ విధానం. కాబట్టి ఎప్పుడైనా మీ విమానం నేలదాకా వచ్చి రయ్యిన మళ్లీ పైకి లేస్తే తిట్టుకోకండి, లేటయిందని స్టోరీ పెట్టకండి. ఆ రోజు మంగళూరులో కో-పైలట్ మూడుసార్లు అడిగింది అదే.